ఆలివ్ చెట్టును వదలని మాస్టారు

విజయనగరంలో రిటైరైన డ్రిల్లు మాస్టారు నరసింగరావు నాలుగేళ్ళుగా ఊరు దాటలేదు. కారణం, డాబా మీద పళ్ళెమంత కుండీలో పెరుగుతున్న జానెడు ఆలివ్ బోన్సాయ్. దాన్ని వదిలి ఒక్క పూట కూడా కదలనని, భార్యనూ పంపనని ఆయన పంతం. చుట్టాలు ఆయన్ని చూసి నవ్వేవారు, భార్య ఈశ్వరిని చూసి జాలిపడేవారు.

వేసవిలో ఆ మొక్కకు పచ్చవల పందిరి. మాస్టారు రోజుకు నాలుగుసార్లు మట్టిలో వేలు గుచ్చి తడి చూసేవారు. వానాకాలం వేళ్ళు కుళ్ళుతాయని, చినుకు పడితే చాలు, కుండీ పట్టుకుని మెట్లు దిగేవారు. వాన వెలిస్తే మళ్ళీ పైకి. చలికాలం ఎండ ఎటు జరిగితే కుండీ అటు. ఈశ్వరి కింద మెట్టు మీద కూర్చుని, మోకాళ్ళకు తైలం రాసుకుంటూ చూసేది. చూడ్డానికే అలసట వచ్చేది.

"అది సెట్టా, సంటిపిల్లా?"

"సంటిపిల్లయితే ఏడిసి సెప్తాది. ఇది సెప్పదు గదా."

ఒక కార్తీకమాసంలో కోటబొమ్మాళి నుంచి మాస్టారి అక్క జగ్గమ్మ ఫోను చేసింది. "మనవరాలికి ఓణీల ఫంక్షను. ఈశ్వరిని పది రోజులు ముందే తీసుకురా. వంటంతా దాని సేతిమీదే ఎల్లాల."

ఈ మొక్క రాకముందు ముప్పయ్యేళ్ళు ఆ వంశంలో పెళ్ళికైనా పురుడుకైనా పొయ్యి దగ్గర నిలబడింది ఈశ్వరే. రానని చెప్పడం ఆమెకు రాదు.

"ఎలా వస్తామప్పా? సెట్టు సిగురేస్తన్నాది."

"నువ్వు సెట్టుకాడుండు. దాన్ని పంపు."

"ఇద్దరం పడితే గానీ కుండీ లెగదప్పా."

పొద్దున్నే దాన్ని ఒంటిచేత్తో దింపిన మనిషివైపు ఈశ్వరి నీరసంగా చూసింది. వాదించే ఓపిక లేదు.

మర్నాడు మాస్టారు కూరలకు వెళ్ళినప్పుడు, ఆ మొక్క అమ్మిన నర్సరీ గంగులు కొమ్మలు కత్తిరించడానికి వచ్చాడు.

"ఇంతకన్నా మొండి మొక్క దొరకలేదేటి గంగులూ, ఆయనకి?"

"ఇదే మొండిదమ్మా. ఎండ తగిలేకాడ ఎట్టి, రెండ్రోజులకోసారి తడిపితే సాలు. నేనొచ్చి నీళ్ళు పోస్తాను, మీరు ఊరెల్లి రండంటే మాస్టారే వద్దన్నారు."

"ఎందుకట?"

గంగులు కత్తెర ఆపాడు. "'మా ఆవిడ మోకాళ్ళు అరిగిపోనాయి. ఎవులు పిలిసినా రానని సెప్పడం దాని వల్ల కాదు. నన్నే పిచ్చోణ్ణనుకోనీ' అన్నారమ్మా."

ఈశ్వరి తైలం సీసా పక్కన పెట్టింది. తర్వాత ఫోను తీసింది.

"వదినా, నా మోకాళ్ళు ఒప్పుకోటం లేదు. వంటకి రాలేను. ఆ రోజుకొచ్చి అక్షింతలేస్తాం."

అవతల నుంచి జగ్గమ్మ అంది: "ఆ ముక్క ముందే సెప్పొచ్చు గదే. వంటోళ్ళని మాటాడుకుందుము."

ముప్పయ్యేళ్ళ బరువు ఇంత తేలిగ్గా దిగుతుందని ఈశ్వరికి తెలియదు. మాస్టారు కూరల సంచీతో గుమ్మంలోకి రాగానే అంది: "రేపు భావనపాడు ఎల్దామండీ. రెండ్రోజులు సముద్రం సూసొద్దాం. మొక్కకి గంగులు నీళ్ళు పోస్తాడు."

మాస్టారు గంగులువైపు గుర్రుగా చూశారు. గంగులు ఒక ఆకును మహా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"అక్కడ వంటెవరు సేస్తారే?" అన్నారు మాస్టారు, సంచీ దింపుతూ.

"మీరే" అంది ఈశ్వరి.