పనిలేని కుడిచెయ్యి

ఆ రోజుల్లో మేము కంప్యూటరుకి కూడా చీర కట్టేవాళ్ళం. నవ్వకండి. మా అమ్మ తన పాత వెంకటగిరి చీర చించి, అంచు కిందికి వచ్చేలా మూడు తొడుగులు కుట్టింది. తెరకొకటి, నిలువు డబ్బాకొకటి, కీబోర్డుకొకటి. ఆ గదిలోకి చెప్పులతో పోకూడదు, దాని ముందు కూర్చుని ఏమీ తినకూడదు, శుక్రవారం దానికి కుంకుమబొట్టు తప్పకూడదు. ఇప్పుడు మా అన్న కూతురు మంచమ్మీద బోర్లా పడుకుని, మురుకుల డబ్బా పక్కన పెట్టుకుని, ఆటలాడటానికి కీబోర్డు, మౌసు మేలా, చేతిలో పట్టుకునే రిమోటు మేలా అని తన స్నేహితులతో గంటలకొద్దీ వాదిస్తుంటుంది. (దానికి ఇప్పుడేదో గొప్ప పేరుంది, మేనకోడలు వందసార్లు చెప్పింది. మాకు మాత్రం అది రిమోటే.) ఆ వాదన వింటూ నేను కూరగాయలు తరుగుతుంటాను, లోపల్లోపల నవ్వుకుంటూ ఉంటాను. ఎందుకంటే తిరుపతిలో తక్కిన ఇళ్ళ సంగతేమో గానీ, మా ఇంట్లో ఆ వాదన పాతికేళ్ళ కిందటే మొదలైంది. మొదలుపెట్టింది నేనే. ఆ ఇంట్లో ఏ వాదనైనా నేనే మొదలుపెట్టేదాన్ని.

నన్నందరూ లాయరమ్మ అని పిలిచేవాళ్ళు. చదివేది బీయస్సీ కంప్యూటర్స్. అయినా కొండకి నడిచిపోవడానికి అలిపిరి దారి మేలా, చంద్రగిరి వైపున్న శ్రీవారిమెట్టు మేలా అన్న దగ్గర్నుంచి, పప్పులో పోపు ముందు పెట్టాలా చివర పెట్టాలా అన్న దాకా నాకు దృఢమైన అభిప్రాయాలు ఉండేవి. ఎదుటివాళ్ళు ఒప్పుకున్నా ఊరుకునేదాన్ని కాదు, సరైన కారణంతో ఒప్పుకున్నారో లేదో అడిగేదాన్ని. అన్నిటికన్నా దృఢమైన అభిప్రాయం మాత్రం చేతివేళ్ళ గురించి. మా నాయన ఒక ఆఫీసులో టైపిస్టు. ఆయన ప్రోద్బలంతో నేను రైల్వేస్టేషను వెనక సందులోని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, లోయరు, హయ్యరు రెండూ ఫస్టు క్లాసులో పాసయ్యాను. అక్కడి మాస్టారు నేర్పిన పద్ధతి నా రక్తంలో కలిసిపోయింది. ఎడమచేతి నాలుగు వేళ్ళు ఏ, ఎస్, డి, ఎఫ్ మీద. కుడిచేతివి జె, కె, ఎల్, దాని పక్కదాని మీద. కొట్టే వేలు కొట్టి వస్తుంది, తక్కినవన్నీ వాటి ఇళ్ళల్లో కూర్చునే ఉండాలి. పనిలేదు కదా అని చెయ్యి ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నామా, స్కేలు మెటికల మీద పడేది. అందుకే నాకు పనిలేని చెయ్యి కూడా పద్ధతిగా కూర్చోవాలి.

అలాంటి ఇంట్లోకి వదిన వచ్చింది. సత్యవేడు అమ్మాయి, అరవం కలిసిన తెలుగు. అదీ ఎవరైనా ఏదైనా అడిగితేనే. ‘సరి’, అవుననడానికి ‘ఆమా’, ఈ రెండు మాటలతో మా ఇంట్లో రెండు నెలలు నెట్టుకొచ్చింది. అన్న పొద్దున్నే ఫ్యాక్టరీ షిఫ్టుకి పోతే సాయంత్రానికి గానీ రాడు. వచ్చినా, తిండి, నిద్ర. వదిన చెప్పిన పనీ చెప్పని పనీ చేసేసి, వంటింటి గుమ్మం పక్కన బస్సు కోసం కాచుకున్న మనిషిలాగా కూర్చునేది. మాటకి మాట అనని మనిషితో ఏం మాట్లాడాలో నాకు తెలిసేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం పిన్నీసు కావాలని ఆమె ట్రంకుపెట్టె తెరిపించాను. పట్టుచీరల మధ్యన, తువ్వాలులో చుట్టి, టీవీకి తగిలించుకునే ఆటపెట్టె కనిపించింది. రెండు రిమోట్లు, పైన గుచ్చే ఒక క్యాసెట్టు. వాళ్ళ నాయన మద్రాసు నుంచి తెచ్చినాడంట, ఆమె పదో తరగతి పాసైనప్పుడు. ఆ మాట చెప్తూ దొంగతనం బయటపడినట్టు తల దించుకుంది. (క్యాసెట్టు మీద వెయ్యి ఆటలని రాసుంది. తరువాత తీరిగ్గా చూస్తే ఏడే ఆటలు, రంగులు మార్చి మార్చి వస్తున్నాయి. దీని మీద కూడా నేను ఒక గంట వాదించాను, ఎవరితోనో గుర్తులేదు.)

ఆ మధ్యాహ్నమే టీవీకి తగిలించాం. కార్ల పందెం. నేను రిమోటు తీసుకుని, కూర్చునే పీట ఒకటి తెచ్చి ముందు పెట్టుకుని, రిమోటుని దాని మీద వెల్లకిలా పడుకోబెట్టి, నడుము నిటారుగా పెట్టి, రెండు చేతుల నాలుగేసి వేళ్ళతో టైపు కొట్టడం మొదలుపెట్టాను. నా కారు గోడని గుద్దింది, చెట్టుని గుద్దింది, వెనక్కి తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చేసింది. పక్కన వదిన రిమోటుని ఒళ్ళో పెట్టుకుని, పిల్లిని పట్టుకున్నట్టు పట్టుకుని, రెండు బొటనవేళ్ళు మాత్రం కదుపుతూ పందెం ముగించేసింది. ముగించి నా పీట వైపు చూసింది. పైట నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. మా ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదలు, ఎవరూ అడక్కుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడటమూ అదే మొదలు.

“అది ఒళ్ళో పెట్టుకోవల్ల లాయరమ్మా, పీట మీద కాదు.”

ఇక నేనాగుతానా. దేవుడు మనిషికి పది వేళ్ళిస్తే రెండు బొటనవేళ్ళతో సరిపెట్టుకోవడం ఎంత అవమానమో, కీబోర్డుకి నూటికి పైగా మీటలు ఎందుకున్నాయో, శాస్త్రీయంగా శిక్షణ పొందిన చేతికీ పొందని చేతికీ తేడా ఏమిటో చెప్పుకుంటూ పోయాను. వదిన శ్రద్ధగా విని, “ఎనిమిది వేళ్ళు పట్టుకునేదానికి, రెండు ఆడేదానికి. పదీ సరిపాయ కదా” అంది. వాదనలో ఓడిపోతున్నప్పుడు నేను చేసే పనే చేశాను. మాట మార్చి సవాలు విసిరాను. రా, కంప్యూటరు మీద ఆడదాం, అప్పుడు తెలుస్తుంది ఎవరి చెయ్యి ఏపాటిదో అన్నాను.

కంప్యూటరులో ఒక కార్ల ఆట ఉండేది, ఒకే కీబోర్డు మీద ఇద్దరు ఆడుకోవచ్చు. చీర తొడుగు తీసి, ఇద్దరం భుజం భుజం ఆనించి కూర్చున్నాం. వదినకి కుడివైపు బాణం గుర్తుల మీటలిచ్చాను. నాకు ఎడమచేతి నాలుగు అక్షరాలు పెట్టుకున్నాను. నా కుడిచేతికి ఆటలో ఏ పనీ లేదు, కానీ పద్ధతి పద్ధతే కదా, దాన్ని జె, కె, ఎల్ మీద కూర్చోబెట్టాను. మొదటి పందెం నేనే గెలిచాను. రెండోదీ నేనే. వదిన కారు మలుపు దగ్గర తిరగకుండా నేరుగా పోయి గోడకి కొట్టుకునేది. నేను ఉత్సాహం పట్టలేక ముందుకి వంగేకొద్దీ డబ్బాలోంచి కుయ్ కుయ్‌మని శబ్దం వచ్చేది. అది నా కారు హారను అనుకున్నాను. నా కారూ అప్పుడప్పుడూ మొరాయించేది. అది ఇంజను వేడెక్కడం అనుకున్నాను. (కంప్యూటర్స్ చదివే అమ్మాయిని, గమనించగలరు.)

రెండో రోజు వదిన ఒకే ఒక్కసారి, “నా కారు మాట వినడం ల్యా” అంది. వినాల్సింది కారు కాదని, వేళ్ళకి పద్ధతి ఉండాలని చెప్పాను. ఆమె ఒక్క క్షణం నా చేతుల కేసి చూసింది, తరువాత నా మొహం కేసి చూసింది. ‘సరి’ అంది. ఆ తరువాత పది రోజులు వరసగా ఆడాం. పనంతా అయ్యాక నేను, వదినా రా, అని కేకేసేదాన్ని, ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చేది, ఓడిపోయేది. ఆడుతూ ఆడుతూ సత్యవేడు కబుర్లు చెప్పేది. వాళ్ళమ్మ చేసే కారం దోసె గురించి, బడికి పోయే దారిలో తమ్ముడు గొడుగు పారేసుకున్న సంగతి గురించి. నేను సగం వినేదాన్ని, సగం గెలుపు లెక్కపెట్టుకునేదాన్ని. పదో రోజు అమ్మ కూడా అక్కడే చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుని ఉంది. వదిన కారు మళ్ళీ గోడకి కొట్టుకుంది. నేను కుర్చీలో వెనక్కి వాలి, చేతికి పద్ధతి లేనివాళ్ళు ఈ ఇంట్లో నెగ్గలేరు వదినా అన్నాను. ఆట గురించే అన్నాను. ఆమె మటుకు లేచి, కీబోర్డుకి చీర తొడుగు కప్పి, అంచు సరిచేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మరుసటి రోజు పిలిస్తే తలనొప్పి అంది. ఆ తరువాతి రోజూ తలనొప్పే. నాలుగు రోజుల్లో ఆషాఢం. కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదు కాబట్టి నెలరోజులకి సత్యవేడు తీసుకుపోవడానికి వాళ్ళ నాయన వస్తారు. వదిన పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. అమ్మ నన్ను పెరట్లోకి పిలిచి గొంతు తగ్గించి అడిగింది. “నెల దినాలకి ఉన్న చీరలన్నీ ఎందుకమ్మీ? పెండ్లి ఫోటో సైతం పెట్టిలో పెట్టేసింది. ఏమన్నావు ఆ పిల్లని?” ఆట గురించే అన్నానని చెప్పబోయి, ఆరేసిన బట్టలు తియ్యసాగాను. అన్నకి ఈ సంగతేమీ తెలీదు, తెలిసినా అర్థమయ్యే మనిషి కాదు. ఆ పెట్టెతో పాటు ఆ పిల్ల పోతే తిరిగి రాదేమో అన్న భయం మా అమ్మ కళ్ళల్లో కనిపించింది. వంటింటి గుమ్మం వైపు చూశాను. అక్కడెవరూ లేరు.

అయినా లాయరమ్మని కదా. నేను గెలవడం నా తప్పెట్లా అవుతుందని నిరూపించడానికి ఆదివారం నాయనని కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. నువ్వే చూడు, వదిన చోట కూర్చో, ఇవీ ఆమె మీటలు, అందరికీ తిరిగే కారు ఆమెకే ఎందుకు తిరగలేదో చెప్పు అన్నాను. పందెం మొదలైంది. నేను నిటారుగా కూర్చుని, ఎనిమిది వేళ్ళూ ఇళ్ళల్లో పెట్టుకుని ఆడాను. నాయన కారు మలుపు తిరగకుండా నేరుగా గోడకి పోయింది. కుయ్‌మంది. నాయన తెర వైపు చూడటం మానేసి నా చేతుల వైపు చూడసాగాడు. ముప్పై ఏళ్ళు మిషను కొట్టిన మనిషి, చూడాల్సింది ఎక్కడో ఆయనకి తెలుసు. నా కుడిచెయ్యి మణికట్టు పట్టుకుని మెల్లగా పైకెత్తాడు. వెంటనే ఆయన కారు మలుపు తిరిగింది. చెయ్యి వదిలేశాడు. అది అలవాటుగా దాని ఇంటికి పోయి కూర్చుంది. కారు మళ్ళీ గోడకి కొట్టుకుంది.

“టైపు మిషను మీద చెయ్యి ఆనిస్తే అక్షరం పడదు, బిగువుగా ఉంటాది” అన్నాడు నాయన. “ఇది మెత్తన. ఆనిస్తే నొక్కినట్టే. ఒకే తూరి ఇన్ని మీటలు నొక్కితే దీనికి అందదు, అందుకే కుయ్‌మంటాది. నువ్వు ఈపక్క నాలుగు మీటలు ఒత్తిపెట్టుకోనుంటే ఆ పిల్ల నొక్కింది యాడ పోతాది?” కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు. “లోపల నువ్వే గడియ పెట్టుకోని, తలుపు తీసుకోని రాలేదని ఆ పిల్లని అంటివా అమ్మీ.”

ఆయన అరవలేదు. అరిచి ఉంటే వాదించి ఉండేదాన్ని.

వదిన గదిలో ట్రంకుపెట్టె తెరిచి ఉంది. ఆటపెట్టెని తువ్వాలులో చుడుతోంది. క్షమాపణ చెప్పడం నాకు అలవాటు లేని విద్య, అందులో లోయరు కూడా పాసవలేదు. అందుకని గుమ్మంలో నిలబడి సాక్ష్యం చెప్పినట్టు చెప్పాను. ఆ కారు తిరగకపోవడానికి కారణం నువ్వు కాదు వదినా, నా కుడిచెయ్యి, పది రోజుల గెలుపులూ కొట్టేయి, ఒక్కటీ నాది కాదు అని. ఆమె తువ్వాలు చుట్టడం ఆపలేదు.

“నాకు తెల్సు” అంది. “రెండో దినమే తెల్సిపాయ.”

తెలిసి ఎందుకు చెప్పలేదని గొంతు పెంచబోయాను. పాత అలవాటు.

“చెప్పింటే వాదిస్తావు. వాదించి గెలిచి ఎల్లిపోతావు.” ఆమె నా వైపు చూడకుండా మడతలు సరిచేస్తోంది. “ఓడిపోతా ఉంటే దినామూ పిలస్తా ఉన్నావు. ఈ ఇంట్లో అందరూ నన్ను పనికి పిలిచినోళ్ళే, ఆటకి పిల్చింది నువ్వొక్కదానివే. ఈ ఇంట్లో నెగ్గలేరనే మాట నువ్వే అంటివే అని...” నేను గుమ్మంలోంచి పోయి ఆమె పక్కన కూర్చున్నాను. వాదన లేకుండా అంతసేపు కూర్చోవడం నాకు అదే మొదలు. నా కుడిచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. చివరికి దాన్ని ఆమె చేతి మీద పెట్టాను.

మరుసటి రోజు పొద్దున వాళ్ళ నాయన వచ్చారు. పెట్టె ఆటోలో ఎక్కింది. వదిన అందరికీ పోయొస్తానని చెప్పింది. పోయొస్తాననడం అందరూ అనే మాటే, దాన్ని నమ్ముకోవడానికి లేదు. అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను లోపలికి వచ్చి, ఏం చెయ్యాలో తోచక కంప్యూటరు ముందు కూర్చుని చీర తొడుగు తీశాను. కీబోర్డు మీద, సరిగ్గా జె, కె, ఎల్ మీద, ఆటపెట్టె రెండో రిమోటు పడుకుని ఉంది. తీగ శుభ్రంగా చుట్టి, రబ్బరుబ్యాండు వేసి ఉంది. రిమోటు లేకుండా ఆ పెట్టె మీద ఇద్దరు ఆడలేరు, పెట్టె లేకుండా రిమోటు ఎందుకూ పనికిరాదు. అమ్మని పిలిచి చూపించాను. అమ్మకి ఆ ఆటల సంగతేమీ తెలీదు, అయినా నా మొహం చూసి అర్థమైపోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ రిమోటుకి కూడా ఒక బొట్టు పెట్టింది.

శ్రావణం వచ్చిన రెండో రోజే వదిన వచ్చేసింది. పెండ్లి ఫోటో గోడకెక్కింది. ఆ నెలంతా నేను ఆ రిమోటుని ఒళ్ళో పెట్టుకుని, దేనికీ తగిలించకుండానే, రెండు బొటనవేళ్ళతో సాధన చేశాను. (ఫలితం శూన్యం. ఈనాటికీ మలుపులో గోడకే పోతాను.)

మొన్న మేనకోడలి కంప్యూటరులో ఇద్దరు ఆడే కార్ల ఆట ఒకటి కనిపించింది. ఆ పిల్ల వదినకి రిమోటు ఇచ్చింది, నేను కీబోర్డు అన్నాను. వదినకి బొటనవేళ్ళ కీళ్ళు నొప్పులు, ఆడే ముందు మందు రాసుకుంటుంది. నాకు కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు. పందెం మొదలైంది. ఏది మేలన్న వాదన కూడా వదిలిన చోటి నుంచే మొదలైంది. మధ్యలో వదిన తెర మీంచి చూపు తిప్పకుండానే, “చెయ్యెత్తు లాయరమ్మా” అంది. చూసుకుంటే నా కుడిచెయ్యి, నన్నడక్కుండానే, పోయి దాని పాత ఇంట్లో కూర్చుని ఉంది. మేనకోడలు నవ్వింది. వదిన చేతిలో ఉన్నది వేరే రిమోటు, పైగా ఇప్పటి కీబోర్డులకి ఆ ఇబ్బందే లేదు, ఎన్ని మీటలు నొక్కినా ఫరవాలేదు అత్తా అంది. సాంకేతికంగా ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. గంటసేపు వాదించదగ్గ పాయింటు. ఆ పాతికేళ్ళ కిందటి అమ్మాయి అయితే వాదించి, గెలిచి, లేచి వెళ్ళిపోయి ఉండేది. నేను చెయ్యెత్తి ఒళ్ళో పెట్టుకున్నాను. వదిన కారు మలుపు తిరిగింది.