మీసం చేసిన మోసం

పెదవాల్తేరులో ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ గారున్నారు. ఆయన ఇంట్లోనే, ఆయన భార్య ఎదుటే, ఆవిడ వేయించి పెట్టిన నెత్తళ్ళ చేపలు కరకర నములుతూ, "దొంగ మీరే" అని ఆయన ముఖం మీదికి వేలు చూపించిన మహానుభావుణ్ణి నేను. నోరు జారిందంటే సరిపెట్టుకోవచ్చు. నేను కారణాలు చూపించి మరీ నిరూపించాను. ఆనాటి ఘోరాన్ని దాచకుండా చెబుతాను. చదివి మీరు పైకి జాలిపడి లోపల నవ్వుకుంటారని నా అనుమానం.

అనుమానం నాకు కొత్త కాదు. ఆటలాడితే ఎవరికైనా బహుమానాలొస్తాయి, నాకు అనుమానాలొస్తాయి. బల్ల మీద ఆడే ఆటలంటే నాకు పిచ్చి. అట్టపెట్టెలు, చెక్క పావులు, రంగురంగుల పాచికలు. రుషికొండలో కంప్యూటర్ ముందు కూర్చుని సంపాదించే జీతంలో పావు వంతు పావులకే పోయేది. మరి ఫోన్‌లో అవే ఆటలు ఉచితంగా దొరుకుతాయి కదా అని మీరు అడగొచ్చు. మా ఆవిడ రోజూ అడిగేది. ఫోన్ మీద నాకు నమ్మకం లేదు. అందులో పాచిక దొర్లదు, దొర్లినట్టు నటిస్తుంది. నాకు ఆరు కావాల్సినప్పుడు రెండు వేసి, ఎదుటివాడికి రెండు కావాల్సినప్పుడు కూడా రెండే వేస్తుంది. బల్ల మీది పాచిక అలా చేస్తే దాన్ని సోఫా కిందికి విసిరి కక్ష తీర్చుకోవచ్చు. ఫోన్‌ని విసిరితే కక్ష అదే తీర్చుకుంటుంది.

ఇక ఫోన్‌లో క్యారమ్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పౌడరు లేదు, గోరు నొప్పి లేదు, స్ట్రైకర్ గీత తాకిందా లేదా అన్న తగువు లేదు. తగువు లేని క్యారమ్స్ ఉప్పు పట్టని ఎండుచేపతో సమానం. ఒక్క మంచి మాత్రం ఒప్పుకోవాలి. ఫోన్‌లో పావులు పోవు. మా ఇంట్లో ఒక ఆటలో ఎర్ర సైన్యానికి సేనాధిపతి చింతగింజ.

అసలు కష్టం గది దగ్గర వచ్చింది. గడులున్న ఆటలు ఇంటినిండా ఉన్నాయి, వాటిని పెట్టుకోవడానికి గది లేదు. ప్రతి ఆదివారం మా ఆటగాళ్ళ ముఠా వచ్చి హాలంతా ఆక్రమించేది. చివరికి మా ఆవిడ అరుపూ కేకా లేకుండా ఒక మాట చెప్పింది. నెలాఖరుకి ఈ పెట్టెలు ఇంకో చోటికి వెళ్ళాలి, లేదా పాత పేపర్లవాడి తోపుడుబండి మీదికి వెళ్ళాలి. అరిచి ఉంటే బతిమాలేవాణ్ణి. నెమ్మదిగా చెప్పింది కనక భయపడ్డాను.

అద్దె గది కోసం ఊరంతా తిరిగాను. ఎక్కడికి వెళ్ళినా "ఆటల క్లబ్ పెట్టుకుంటామండీ" అని గర్వంగా చెప్పేవాణ్ణి. వినగానే ఓనర్లు తలుపు సగం మూసేవాళ్ళు. మన వైపు ఆట, క్లబ్ అన్న రెండు మాటలు పక్కపక్కన పెడితే మూడో మాట పేకాట అని తెలియడానికి నాకు నాలుగిళ్ళు పట్టింది. ఆ సమయంలో మా బావమరిది రమణ ఆదుకున్నాడు. వాడు అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో చేస్తాడు. పెదవాల్తేరులో తనకు తెలిసినవాళ్ళ డాబా మీద గది ఖాళీగా ఉందనీ, కిటికీ తీస్తే సముద్రమనీ, అద్దె కూడా తక్కువేననీ చెప్పాడు. ఓనరు పోలీసుశాఖలో పనిచేసి రిటైరైన మనిషని మాత్రం మెట్లెక్కుతుండగా చెప్పాడు.

ఓనరు పేరు సింహాచలం గారు. ఆయన్ని చూస్తే ముందు మీసం కనిపిస్తుంది, కాసేపయ్యాక మనిషి కనిపిస్తాడు. రెండు కొసలూ మెలితిరిగి పైకి లేచిన మీసం. ఆయన భార్య నూకరత్నం గారు జాలరిపేట ఆడపడుచు, నవ్వుముఖం. నేను క్లబ్ అన్న మాట మింగేసి, మంచి పిల్లాడిలా రెండు ఆటపెట్టెలు ఆయన ముందు పెట్టాను. ఎంత అమాయకమైన ఆటలో చూస్తే ఆయనే కరిగిపోతారని నా ఊహ.

ఆయన మొదటి పెట్టె తెరిచారు. ముందుగా చేతికొచ్చింది నోట్ల కట్ట. ఊళ్ళు కొని అమ్మే వ్యాపారపు ఆట అది. గులాబీ నోట్లు, పచ్చ నోట్లు. వాటిని బల్ల మీద పరిచి, ఒకదాన్ని వెలుగుకి పట్టుకుని చూశారు.

"ఇదేటి?"

"ఆట డబ్బులు బాబాయ్."

"ఆటకి డబ్బులుంటాయని నాను కూడా అదే అంతన్నాను."

రెండో పెట్టెలోంచి పాచికలు తీసి చెవి దగ్గర పెట్టుకుని గలగలలాడించారు. అవి పాచికలు కావా అని అడిగారు. పాచికలే గానీ, అని మొదలుపెట్టాను. ఆ "గానీ" దగ్గరే ఆయన చెయ్యెత్తి ఆపేశారు.

"ఎంత ఏసి ఆడతారు?"

"ఏమీ వెయ్యం బాబాయ్. ఊరికే ఆడతాం."

"పెద్దోలు ఊరికే ఆడతారేటి? మరి గెలిసినోడికి ఏటొత్తాది?"

"సంతోషం."

ఆయన భార్య వైపు చూశారు. ఇంతకంటే మంచి అబద్ధం తయారుచేసుకుని రాలేకపోయాడా అన్నట్టుంది ఆ చూపు. నా పాచిక పారలేదని నాకు అర్థమైంది. అప్పుడు రమణ నా చెవిలో, "బావా, ఆ పెట్టెలు మూసీ. డబ్బుల్లేవు, పాసికల్లేవు, నా ఫోన్లో రాజు మంత్రి ఆట ఉంది కదా, అది సూపించు" అన్నాడు.

చీటీల మీద రాజు, మంత్రి, పోలీసు, దొంగ అని రాసి చిన్నప్పుడు మనమందరం ఆడిన ఆటే. ఇప్పుడది ఫోన్‌లోకి ఎక్కింది. ఫోన్ చేతులు మారుతుంది. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు తెర మీద వేలు నొక్కి ఉంచితే వాళ్ళెవరో బొమ్మ కనిపిస్తుంది, వేలు తీస్తే మాయమవుతుంది. తర్వాత రాజు "నా పోలీసు ఎవరు" అని అడగాలి. పోలీసు లేచి దొంగని పట్టుకోవాలి. జీవితమంతా ఫోన్ ఆటల్ని తిట్టిన నేను, గది కోసం ఆ పూట నా సిద్ధాంతాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలేశాను.

ఆట పేరు వినగానే నూకరత్నం గారు నెత్తళ్ళ పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టి చతికిలబడ్డారు. సింహాచలం గారు కూడా కాస్త ముందుకు జరిగారు. నాలుగు పేర్లూ నేనే ఎక్కించాను. ఫోన్ ముందు ఆవిడ చూశారు, తర్వాత ఆయన, తర్వాత రమణ. చివరికి నా చేతికొచ్చింది.

నా తెలివితేటల్ని ఇక్కడ కాస్త ఆగి గమనించాలి. ఒక పక్క రమణ, ఇంకో పక్క వృత్తిరీత్యా చూపు చురుకైన పెద్దమనిషి. ఇద్దరూ తొంగి చూస్తారని నాకు గట్టి అనుమానం. అందుకని ఫోన్‌ని పొట్టకి ఆనించుకుని, ఒక అరచేత్తో తెరంతా కప్పి, రెండు వేళ్ళ మధ్య చిన్న సందులోంచి చూశాను. మెలితిరిగిన మీసం కనబడింది. తల తిప్పితే పక్కనే సరిగ్గా అలాంటి మీసమే. ఇంకేం కావాలి, నేను పోలీసు. మిగతా బొమ్మ చూసే పని లేకుండా వేలు తీసేశాను.

"నాను రాజుని. నా పోలీసు ఎవుడు?" అన్నారు నూకరత్నం గారు, దర్జాగా పైట సర్దుకుని.

"నేను" అన్నాను.

"నాను" అన్నారు సింహాచలం గారు.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. రమణ తాను మంత్రిననీ, తనని ఒగ్గేయమనీ చెప్పి నెత్తళ్ళ పనిలో పడ్డాడు. అంటే మిగిలింది ఒక పోలీసు, ఒక దొంగ. నేను పోలీసునని నాకు తెలుసు. కాబట్టి ఆయన దొంగ. ఇంత నిక్కచ్చి లెక్క నేను పదో తరగతి పరీక్షలో కూడా చెయ్యలేదు.

గది విషయం మర్చిపోయాను. నెలాఖరు మర్చిపోయాను. ఆట అంటే నాకున్న జబ్బే అది. వేలు చూపించి, "దొంగ మీరే బాబాయ్" అన్నాను. ఆయన కోప్పడలేదు. ఎలా చెప్పగలవని అడిగారు. అది ప్రశ్న అనుకుని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. మీరు నాకంటే ఒక క్షణం ఆలస్యంగా "నేను" అన్నారు, అంటే ఆలోచించి అబద్ధమాడారు. ఫోన్ చూసుకున్నాక మీసం దువ్వుకున్నారు, అది కంగారుకి గుర్తు. ఇప్పుడు చెమట పడుతోంది. కరెంటు పోయిందని రమణ గొణిగాడు. నేను పట్టించుకోలేదు.

"నా సర్వీసంతా పోలీసునే కదా బాబూ" అన్నారాయన.

"అదే మీ ఎత్తు. నిజం పోలీసు కనక అందరూ నమ్మేస్తారని మీ ధీమా. దొంగకి అంతకంటే మంచి ముసుగు ఏముంటుంది?"

నూకరత్నం గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భయపడ్డారనుకున్నాను. రమణ నా మోకాలు గిల్లి, "బావా, ఓపాలి నీ బొమ్మ మల్లీ సూసుకో" అన్నాడు. దాంతో వాడి మీద కూడా నాకు అనుమానం వచ్చింది. నేను ఫోన్ తెరవగానే ఇద్దరూ కలిసి తొంగి చూసే పన్నాగం కాదూ? నీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నాను గానీ మంత్రిని కూడా జైల్లో వేయించగలనని వాడికి చెప్పాను.

"అయితే తేల్సీమను ఆ ఫోన్నే" అన్నారు సింహాచలం గారు.

విజయగర్వంతో ఫోన్‌ని బల్ల మధ్యలో పెట్టి బొత్తాం నొక్కాను. బూర మోగింది. తెరనిండా దొంగ ప్రత్యక్షమయ్యాడు. కళ్ళకి నల్లటి గుడ్డ, భుజాన మూట, ముక్కు కింద మెలితిరిగిన మీసం. ఆ మీసం నాకు బాగా పరిచయం. ఫోన్‌లోని ఆడగొంతు, వీధి చివరికి కూడా వినిపించేలా, నేను ఎక్కించిన అక్షరాలు పొల్లుపోకుండా చదివింది. "దొంగ, శ్రీనుగారు."

నా పేరుకి గారు తగిలించుకున్నది కూడా నేనే.

నూకరత్నం గారు కొంగు తీసేసి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వారు. రమణకి నెత్తళ్ళు నములుతుంటే పొలమారింది. నేను నోట్లు, పాచికలు పెట్టెల్లో సర్దుకుంటూ, పాత పేపర్లవాడు అట్టకి కిలో ఎంతిస్తాడో అనుకుంటున్నాను. సింహాచలం గారు నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు.

"సానామంది దొంగల్ని సూసాను బాబూ. తప్పించుకున్నోలు, ఒప్పుకున్నోలు, ఏడిసినోలు. దొంగ తానేనని తనకే తెలీకుండా ఎదుటోడి మీద కేసు రాసినోడిని మాత్రం సూడలేదు."

"క్షమించండి బాబాయ్. గది సంగతి ఇంక అడగను."

"ఎందుకడగవు? ఇందాకటిదాకా నువ్వు పేకాట పెడతావేమోనని నాకు అనుమానం ఉండేది. ఇప్పుడు లేదు. నువ్వే గనక పేకాట నడిపితే, పోలీసులకి నువ్వే ఫోన్ సేసి, దొంగ దొరికాడు రండి అంతావు." లోపలికి తిరిగి, "రాజుగారూ, మేడ మీద గది తాళం అట్టుకురా" అని భార్యకి కేకేశారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ గదిలోనే ఆడుతున్నాం. సింహాచలం గారు కూడా మెట్లెక్కి వస్తారు. ఆట ఏదైనా సరే, ఎవరైనా ఓడిపోతుంటే ముందు నన్ను సోదా చేస్తారు.

కనుక పాఠకులారా, కుడిచెయ్యి మీ అందరికీ కనిపించేలా ఎత్తి, వేళ్ళ మధ్య సందు లేకుండా చూసుకుని ప్రమాణం చేస్తున్నాను. ఆట బల్ల మీదైనా, ఫోన్ లోపలైనా, పక్కవాళ్ళెవరో పసిగట్టే ముందు నేనెవరో తల నుంచి కాళ్ళ దాకా పూర్తిగా చూసుకుంటాను. నా చీటీ ఊరందరి నుంచీ దాస్తాను గానీ, నా నుంచి మాత్రం ఇక దాచను.