మిరుగం ముందురోజు ట్యాబ్‌లో ఒడ్డుకు చేరిన పడవ

ఉద్యోగంలో నా ఆఖరు పోస్టింగు గోదావరి మీది ఒక ప్రాజెక్టు దగ్గర, మత్స్య అభివృద్ధి అధికారిగా. సుల్తానాబాద్‌లో ఇల్లున్నా, పనంతా నీళ్ల మీదనే కాబట్టి అక్కడే గది తీసుకున్న. చెరువు వేరు, ప్రాజెక్టు వేరు. గాలి లేచిందంటే అవతలి ఒడ్డు కనబడదు. అందుకని ఆ ఏడు మత్స్యకారుల సంఘంలోని ప్రతి పడవకూ అరచేతంత యంత్రం ఒకటి ఇచ్చినం. పడవ ఎక్కడుంటే అక్కడ, మా గస్తీ లాంచీలోని ట్యాబ్ మీద పచ్చచుక్క పడుతది.

మిరుగం ముందురోజు అది. మృగశిర కార్తె నాడు మా దిక్కు చేపలు వండని ఇల్లు అరుదు. మబ్బు పట్టినా పడవలన్నీ వేటలోనే ఉన్నయి. మధ్యాహ్నం దాటంగనే గాలిదుమారం లేచింది. నేను, లాంచీ డ్రైవర్ లింగయ్య చుక్కల వెంట తిరిగి పడవలను ఒడ్డుకు మళ్లించినం. చివరికి అన్ని చుక్కలూ ఒడ్డునే కనబడ్డయి. హమ్మయ్య అనుకుంట లాంచీ కట్టేసినం.

అంతలో సంఘంలోని జాలరి గంగారాం కూతురు రాజవ్వ ఉరికొచ్చింది.

"సారూ, మా బాపు ఇంకా రాలే!"

నాకు చిర్రెత్తింది. ట్యాబ్ చూపించి, "గిదో, మీ పడవ ఒడ్డుకే ఉన్నది గదమ్మా" అన్న.

ఆమె కొంగుముడి విప్పింది. అందులో గంగారాం యంత్రం! నీళ్లల్ల పడితే ఖరాబైతదని పొద్దున్నే బిడ్డ చేతికిచ్చి పోయిండట. లాంచీ కట్టు విప్పమని లింగయ్యకు కేకేసిన.

ప్రాజెక్టులో ఎవరి వల జాగ వాళ్లదే, ఒకరి దాంట్ల ఇంకొకరు వెయ్యరు. వాళ్లది మునిగిన ఊరి పాతబాట మీద ఉన్నదని రాజవ్వ చెప్పింది. ఆమెను కూడా ఎక్కించుకుని పోయినం. అలలు లాంచీలోకి కొడుతున్నయి, వానకు పది గజాల అవతల ఏమీ కనబడుతలేదు. జాగ దగ్గర పడినంక ఇంజన్ బందు చేస్తనన్నడు లింగయ్య. మనిషి నీళ్లల్ల ఉంటే అడుగునున్న పంకా కోసేస్తది. బందు చేస్తే గాలి మమ్మల్ని మునిగిన చెట్ల ఎండు మోళ్ల మీదికి నెడుతది.

"బందు చెయ్యి" అన్న.

రాజవ్వ "బాపూ!" అని గొంతు చినిగేటట్టు పిలిచింది. మళ్లీ మళ్లీ పిలిచింది. ఎడమ దిక్కు నుంచి సన్నగ ఒక కేక వినబడ్డది. బోల్తాపడ్డ పడవను పట్టుకుని ఉన్నడు గంగారాం, వల కాళ్లకు చుట్టుకుని కిందికి గుంజుతున్నది. తాడు విసిరి, వల కోసి, జబ్బలు పట్టి పైకి లాగినం. అంతలోనే ఒక మోడు లాంచీ పక్కను గీరింది. లింగయ్య ఇంజన్ చాలు చేసిండు.

తాగిన నీళ్లు కక్కినంక గంగారాం అడిగిన మొదటి మాట, "మిషిని పైలమేనా బిడ్డా?"

రాజవ్వ తిట్టుకుంటనే ఏడ్చింది. నాకూ కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

తెల్లారి నుంచి పద్ధతి మార్చిన. చుక్కలన్నీ ఒడ్డుకు చేరినా సరే, ఒక్కొక్క పేరు పిలిచి, ఆ మనిషి నోట పలుకు విన్నంకనే లాంచీ కట్టనిచ్చిన. కొత్తగా యంత్రం ఇచ్చిన ప్రతిసారీ నా చేతులతోనే వాళ్ల నడుముకు కట్టి చెప్పేటోన్ని: "ఇది మునిగితే మునగనియ్యిండ్రి. ఇంకోటి ఇస్త."