మరిడమ్మ తట్టలో తాబేలు

మరిడమ్మది పుట్టుకతో వచ్చిన భయం. బస్సెక్కితే తలుపు పక్కనే కూర్చునేది, బోల్తా పడితే ముందుగా దూకవచ్చని. సూదిమందు వేసే నర్సమ్మ ఎదురొస్తే పక్క సందులోకి మళ్లిపోయేది. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఎవరో అన్నారట, అంతే, పెళ్లినాడు కూడా ఫొటోవాడికి వీపే చూపించింది. అలాంటి మనిషి చేపల తట్ట నెత్తికెత్తుకుని వీధిలోకి వచ్చిందంటే మాత్రం, ఆ కేకకు అరుగుల మీద నిద్రపోయే పిల్లులు లేచి ఒళ్లు విరుచుకునేవి.

శ్రీకూర్మానికి కోసెడు దూరంలో, సముద్రపు ఒడ్డున వాళ్ల పేట. మొగుడు గంగులు తెప్ప మీద వేటకు పోయేవాడు. ఆమె ఆ చేపలు తెచ్చి మా శ్రీకూర్మంలో అమ్మేది. పందొమ్మిది వందల అరవై ఏడో ఎనిమిదో, ఆ రోజుల్లో బస్సులు ఆగేచోట నాకో గోళీసోడా బండి ఉండేది. ఆమె రాకపోకలన్నీ నా కళ్లముందే.

పేటకు ఎవరింటికి చుట్టాలొచ్చినా ఊరు చూపించే పని మరిడమ్మదే. దానికో వరస ఉండేది. ముందు నా దగ్గర సోడా, ఆ పైన గాజుల కొట్టు, అక్కడ కాసేపు బేరం, కొనకుండా రావడం. తరువాత గుడి. "ఒక స్తంభంలాగ ఇంకో స్తంభం ఉండదు, సూడండి" అనేది, తానే దగ్గరుండి చెక్కించినట్టు. చివరికి ఆవరణలో తిరిగే తాబేళ్లకు తోటకూర తినిపించడం. అక్కడ మాత్రం గొంతు తగ్గించేది. పేటలో వలకు తాబేలు పడితే బొట్టుపెట్టి, దణ్ణంపెట్టి నీళ్లలోకి వదిలేస్తారు. ఇక కూర్మనాథుడి వాకిట్లో తిరిగేవంటే చెప్పాలా!

ఆ వేసవిలో గంగులు అక్క లక్ష్మణమ్మ భీమిలి వైపు నుంచి వచ్చింది. నోరున్న మనిషి. ఆడపడుచు మెప్పు పొందాలని మరిడమ్మ ఆ పొద్దున్న చేపలు త్వరగా అమ్ముకుని, ఊరంతా తిప్పింది. చేపల తట్ట గుడిలోకి తీసుకెళ్లరు కదా. బెస్తవాళ్లంతా చేసినట్టే ఆమె కూడా ప్రహరీ గోడ వారన తట్టను వాల్చి, కుక్కలు మూతి పెట్టకుండా నోరు గోడకేసి తిప్పి పెట్టింది. కూరకని కొన్న తోటకూర కట్ట అందులోనే ఉంది. ఆ గోడకు నేలమట్టాన వాననీటి తూము ఒకటి ఉందన్న సంగతి ఆమె చూసుకోలేదు.

సాయంత్రం నాలుగింటికి ఇంటికి చేరి తోటకూర తీస్తుంటే అడుగున ఏదో కదిలింది. ఎండ్రకాయ మిగిలిందనుకుని వేలితో పొడిచింది. ఎండ్రకాయ మెడ చాచి ఆమెను చూసింది. చిప్ప మీద పసుపుపచ్చని చుక్కలు, గీతలు, నోట్లో తోటకూర ఆకు.

మరిడమ్మ గబుక్కున దాని మీద కుండ బోర్లించింది.

"ఒసే మరిడీ!" బయటినుంచి లక్ష్మణమ్మ కేక. "గాలి తిరిగినాది. తెప్పలన్నీ వొచ్చీసినాయి. మా తమ్ముడేడే?"

మరిడమ్మ బయటికి వచ్చి చూసింది. పొద్దున్న అద్దంలా ఉన్న సముద్రం ఇప్పుడు తెల్లగా పొంగుతోంది. ఇసుక మీద తెప్పలన్నీ ఉన్నాయి, గంగులుది తప్ప. ఆమెకు లెక్క వెంటనే తేలిపోయింది. తను స్వామిని ఎత్తుకొచ్చి చేపల కంపులో పెట్టింది. స్వామి తన మొగుణ్ణి పట్టుకున్నాడు. ఇది ఇచ్చేదాకా అతణ్ణి ఇవ్వడు.

ఆడపడుచుకు చెప్తే తమ్ముణ్ణి ముంచావని అక్కడే గొంతు పిసుకుతుంది. అందుకని మరిడమ్మ లోపలికెళ్లి, తాబేలును పసుపునీళ్లతో కడిగి, పెళ్లిచీరలో చుట్టి, రొమ్ముకు అదుముకుని పెరటిదారిన బయటపడింది.

నా బండి దగ్గరికి వచ్చేసరికి మనిషి ముఖంలో నెత్తురు లేదు.

"బాబూ, గుడి తలుపులేసీసినారేటి?"

"ఇంకా లేదు. ఆ మూటేమిటమ్మా?"

"మూటా? ఏ మూట? నా దగ్గర మూటేటి?"

అంతలో మూటలోంచి ఒక కాలు బయటికి వచ్చింది.

"మరి నీ మూటకు గోళ్లున్నాయే!" అన్నాను.

"అరవకు బాబూ, నీకు దణ్ణమెడతాను!" అని జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

"కాపలా జగన్నాథం గేటు దగ్గరే ఉన్నాడు. అతనికి ఇచ్చెయ్యరాదా?"

"అమ్మో! ఠాణాకి పంపుతాడు. సామిని సేపల తట్టలో ఎట్టినానని తెలిస్తే ఊళ్లో నా సేపలెవలు కొంటారు? అది పోనీ. మాఁవ సముద్రంలో ఉన్నాడు బాబూ. బేగి లోనికెళ్లిపోవాలి ఇది!"

ఆ చివరి మాట నవ్వదగ్గది కాదు. బండి వదిలి వెంట వెళ్లాను. నేను గోడ మలుపున కాపలా నిలబడ్డాను. ఆమె తూము ముందు మోకాళ్ల మీద కూర్చుని తాబేలును దింపింది. అది తల, కాళ్లు లోపలికి లాక్కుని రాయిలా ఉండిపోయింది.

"ఎల్లు తండ్రీ. మీ ఇల్లే కదా. ఎల్లు నాయనా. ఆయన్నొగ్గీ, నన్నట్టుకో." తోస్తే అంగుళం కదిలేది, మళ్లీ ఆగేది. అటు గాలి హోరు ఊళ్లోకి కూడా వినిపిస్తోంది.

సరిగ్గా అప్పుడే విజయనగరం నుంచి వచ్చిన ఒక బస్సు జనం గుడి చుట్టూ చూస్తూ ఇటే వచ్చారు. ముందున్న పెద్దావిడ ఆగింది. "ఏం చేస్తున్నావమ్మా?"

నాకు నోరు ఊరుకోదు. "మొక్కండీ" అన్నాను. "మగవాడు క్షేమంగా ఇంటికి రావాలని."

ఇంకేముంది! ఆడవాళ్లంతా చెప్పులు విడిచి వరసగా నిలబడ్డారు. ఒకావిడ తన దగ్గరున్న తోటకూర తాబేలు ముందు పెట్టింది. అది తల బయటపెట్టి, తూముకు వీపు తిప్పి, కూర వైపు నడవసాగింది. మరిడమ్మ ఆ కూర లాక్కుని, మోచేతి దాకా చెయ్యి తూములోకి దూర్చి లోపల పడేసింది. తాబేలు ఆలోచించింది. మెల్లగా తిరిగింది. చిప్ప గోడకు గీరుకుంటూ లోపలికి పోయింది. జనం చేతులు జోడించారు.

గుంపును చూసి జగన్నాథం కర్ర పట్టుకు వచ్చేశాడు. తూములోకి వంగి చూశాడు. "ఇదా! దీనికి రోజూ షికారే. బయటికి పోతాది, సీకటి పడకముందు అదే వొస్తాది. దీన్నేటి సూత్తన్నారు?"

వినడానికి మరిడమ్మ అక్కడ లేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని సముద్రం దారి పట్టి పరిగెడుతోంది.

తరువాతి సంగతి ఆమె నోటనే విన్నాను. ఒడ్డుకు చేరేసరికి పొద్దు కుంకుతోంది. తెప్ప రాలేదు. స్వామిని ఇచ్చేశాక కూడా రాలేదంటే ఇక అడగడానికి ఎవరూ మిగల్లేదనిపించిందట. లక్ష్మణమ్మ పక్కనే నిలబడి ఉంది. "ఏటే ఆ వొణుకు? మా తమ్ముడు ఉప్పునీళ్లలో పుట్టినోడు. ఈ గాలి ఆడికో లెక్కా!" అంటోంది. అంటూనే మరిడమ్మ మోచేతిని పట్టుకుంది, విడవడం లేదు. ఇద్దరూ అలాగే చాలాసేపు అలల మధ్య చూస్తూ నిలబడ్డారు.

బాగా ఉత్తరంగా ఒక నల్లటి గీత లేచింది, మునిగింది, మళ్లీ లేచింది.

తెరచాప తాడు తెగి గాలికి కొట్టుకుపోయిన గంగులు, తెడ్డుతోనే వచ్చి ఒడ్డుకు తగిలాడు. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. దిగుతూనే పెళ్లాన్ని చూసి, "సంజె పడినాది, పొయ్యి ఎలిగించలేదేటే?" అన్నాడు.

మరిడమ్మ అతని తడి చేతిని తడిమి చూసింది. వేళ్లు, మణికట్టు, భుజం. ఆ తరువాత మోకాలి లోతు నీళ్లలోనే చతికిలబడి బిగ్గరగా ఏడ్చింది.

"ఏటయినాది దీనికి?" అన్నాడు గంగులు అక్కతో.

లక్ష్మణమ్మ వంగి మరిడమ్మను లేవదీసింది. ఆవిడ గోళ్లు దిగిన గుర్తులు మరిడమ్మ మోచేతి మీద ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.