రెండు ఎడమ కాళ్ల రోబో

బొమ్మల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ చెకింగక్క అంటారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆమె పనల్లా రోబో బొమ్మను చేతిలోకి తీసుకోవడం, కాళ్లు మడిచి చేతులు వెనక్కి తిప్పి డబ్బా మీదున్నట్టు కారునో లారీనో చేయడం, మళ్లీ దాన్ని రోబోగా నిలబెట్టడం. సరిగ్గా ఉంటే పచ్చ ట్రేలోకి, లేకపోతే ఎర్ర ట్రేలోకి. ఎర్ర ట్రేలో పడ్డది మరలోకి వెళ్లి పొడైపోవాల్సిందే. ఆమె చేతికి అనుమానమంటే ఏమిటో తెలియదు. ఇంట్లోనూ అంతే, గోడమీద క్యాలెండరు వెంట్రుకవాసి ఒరిగినా అన్నం సహించదు.

అలాంటి మనిషికి కొత్తగా వచ్చిన విమానం రోబో చుక్కలు చూపించింది. డబ్బా మీద చూస్తే రెక్కలు చాచుకున్న విమానం. చేతిలో చూస్తే తల వీపులోంచి పొడుచుకొస్తుంది, ఒక రెక్క పొట్ట కిందికి దూరుతుంది, ఒక మోకాలు లోపలికి ముడుచుకుంటే రెండోది బయటికి తన్నుకొస్తుంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందందామా అంటే, కోతి అయితే కోతి అని తెలిసి చస్తుంది కదా! సూపర్‌వైజరు ఇస్త్రీపెట్టె అన్నాడు. ప్యాకింగులో పెద్దావిడ అటూ ఇటూ తిప్పి చూసి, నడుంనొప్పితో కూర్చోలేక నిలబడలేక ఉన్న తన ఆడపడుచులా ఉందంది. ఎవరు ఏమన్నా, చేతిలోకి తీసుకున్నవాళ్లు మాత్రం కింద పెట్టడం లేదు. చెకింగక్క కూడా దాన్ని ఎర్ర ట్రే దాకా తీసుకెళ్లడం, వదలబుద్ధికాక వెనక్కి తేవడం. ఇంత వంకర వస్తువు మీద తనకీ మమకారమేమిటో ఆమెకు అంతుపట్టలేదు. కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకుని చూసి చెబుతానని సూపర్‌వైజరును అడిగి ఒకటి సంచిలో వేసుకుంది.

ఇంట్లో ఆమె భర్త ఉన్నాడు. పేరున్న టైలరు. కొలతలు తీసుకుంటూ ఎన్ని కబుర్లు చెప్పేవాడంటే, వచ్చినవాళ్లు బట్ట ఇవ్వడం మరచిపోయి ఇంటికి వెళ్లిపోయేవాళ్లు. కిందటేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వాడుతూ ఉంటే వేళ్లు తిరిగి వస్తాయని డాక్టరు రబ్బరు బంతి ఇచ్చాడు. ఆ బంతి మంచం కిందికి దొర్లి అక్కడే స్థిరపడింది. మాట పోలేదు, మాట్లాడ్డమే మానేశాడు. ఆమె అతనికి అన్నం కలిపి పెట్టేది, తల దువ్వేది, చొక్కా గుండీలు పెట్టేది, దేనికీ వంక పెట్టడానికి వీల్లేకుండా చేసేది. అతను తిట్టినా సరే, మళ్లీ తనతో మాట్లాడితే చాలనుకునేది. అంతకుమించి ఆమెకు కోరికలేమీ మిగల్లేదు.

విమానం రోబోను మంచం పక్కన పెట్టి మంచినీళ్లు తేవడానికి వెళ్లింది. వచ్చేసరికి అది అతని మోకాళ్ల మధ్య ఉంది. ఎడమచేత్తో పట్టుకుని, వంగని కుడిచేతి వేళ్లను ఆనించి దాని కాలు నెడుతున్నాడు.

"ఏంటిది?" అన్నాడు.

గ్లాసు చేతిలో పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయింది. "విమానమట."

"ఎవరన్నారు?"

"డబ్బా మీద ఉంది."

"డబ్బాకేం తెలుసు? ఇది కుట్టుమిషను."

ఆమెకు అది బాతులా కనిపించింది, ఆ మాటే అంది. అతను ఒప్పుకోలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర కూడా అదే రభస. తర్వాతి రోజుల్లో ఆమె ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి అతను మంచం మీద కూర్చుని ఉండేవాడు, ఇవాళ రెక్క ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఇరుక్కుందో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. చూపుడువేలు వంగడం మొదలైంది. ఇదంతా చూసి ఆమెకు ఆనందంతో పాటు ఒళ్లుమంట కూడా కలిగింది. అంతకుముందు ఎంతో నున్నగా తిరిగే కారు రోబోను తెచ్చిస్తే కన్నెత్తి చూడని మనిషి, ఈ అష్టావక్రం చుట్టూ తిరుగుతున్నాడేం?

ఒక సాయంత్రం గుమ్మంలోకి వస్తుండగానే అతని నవ్వు వినబడింది.

"రెండూ ఎడమ కాళ్లేనే!" అన్నాడు. "గుడ్డ తిరగెయ్యకుండా కత్తిరిస్తే చొక్కాకి రెండు చేతులూ ఒకవైపువే వస్తాయి చూడు, అలాగన్నమాట. నేర్చుకునే రోజుల్లో నేనూ చేశాను. ఈ అచ్చు చేసినవాడెవడో నాలాంటివాడే."

చూస్తే నిజమే. ఇన్నాళ్లూ తన కంటికి ఆనలేదేమిటా అని ఆమె బుగ్గలు నొక్కుకుంది. మర్నాడు తన మొగుడు కనిపెట్టాడని గొప్పగా సూపర్‌వైజరుకు చెప్పింది. అతను నెత్తి కొట్టుకుని అచ్చు మార్పించాడు. కొన్నాళ్లకు కుడికాలు కుడికాలుగా, ఎడమకాలు ఎడమకాలుగా కొత్త విమానాలు వచ్చాయి. పాతవన్నీ మరలో వేయాలి, ఇంట్లో ఉన్నది కూడా తెచ్చెయ్యక్కా అన్నాడు సూపర్‌వైజరు. ఆమె సంతోషంగా ఒప్పుకుంది. తప్పు పట్టుకున్నవాడికి ఒప్పు అందించడం కన్నా బహుమానం ఏముంటుంది? పొద్దున్న వాకిట్లో బార్బరు అతనికి గడ్డం గీస్తుండగా పాతదాన్ని సంచిలో వేసుకుని, దాని చోట కొత్తది పెట్టి పనికి వెళ్లింది.

సాయంత్రం వచ్చేసరికి కొత్త విమానం కిటికీ అరుగు మీద ఉంది. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"బాగా తిరుగుతోందా?" అని అడిగింది. తల ఊపాడు. "మీరు చెప్పబట్టే కాళ్లు సరిచేశారు."

"పాతదేది?"

"మరలో వేసేశారు."

అతను ఇటు తిరిగి ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. కోపం లేదు, అదే ఆమెను భయపెట్టింది.

"ఇది బాగుంది," అన్నాడు. "దీనికి నాతో పనిలేదు."

మళ్లీ గోడవైపు తిరిగాడు. ఆ తర్వాత నోరు విప్పలేదు.

వంటింట్లో గిన్నెలు తోముతూ ఆమె ఏడ్చింది. తను చేసిన తప్పేమిటి? వంకరది తీసి చక్కనిది పెట్టడం తప్పయితే ఇన్నేళ్లుగా తను చేసిన పనంతా ఏమిటి? కోపమొచ్చింది, జాలేసింది, మళ్లీ కోపమొచ్చింది. ఎటు తిప్పినా ఏ ఆకారమూ రాలేదు.

తెల్లవారాక రోజూలాగే అతనికి చొక్కా తొడిగింది. పై గుండీ మీద వేలు పెట్టిందో లేదో చెయ్యి ఆగిపోయింది. దీనికి నాతో పనిలేదు. ఆ మాట బొమ్మ గురించే అన్నాడా, ఈ గుండీల గురించి కూడానా? గుండీ వదిలేసి రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుని అతని ఎదురుగా కూర్చుంది.

అతను ఆమెను చూశాడు. చొక్కాను చూసుకున్నాడు. కాసేపటికి కుడిచెయ్యి మెల్లగా పైకి వచ్చింది. మొదటి గుండీ జారింది, మళ్లీ జారింది, ఎలాగో దూరింది. ఆమె వేళ్లు ఒళ్లో ఒకదాన్నొకటి పిసుక్కుంటున్నాయి. బయట ఫ్యాక్టరీ బస్సు వచ్చి హారన్ కొట్టింది. చివరి గుండీ దాకా వచ్చాక అతను తలెత్తాడు. నుదుటి నిండా చెమట.

"సరిగ్గా ఉందా?"

సరిగ్గా లేదు. మొదటి గుండీయే రెండో కాజాలోకి పోయింది, చొక్కా మొత్తం ఒక పక్కకు ఎగదన్నింది. బాగుందని అనాలో, చెయ్యి చాచి సర్దాలో ఆమెకు తోచలేదు.

"ఒక గుండీ తప్పింది," అంది చివరికి.

"అయితే ఉండు," అని అతను మొదటి గుండీ విప్పడం మొదలుపెట్టాడు.

బస్సు ఇంకోసారి హారన్ కొట్టింది. ఆమె లేవలేదు.