నోటికందని తార్నాక

మా అన్నగారి చూపును మధుమేహం హరించింది. చివరి రోజుల్లో ఆయన పుస్తకాన్ని ఒడిలో తెరచి పెట్టుకొని, పుటల మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చొనేవారు. అందువల్ల నా నెత్తురులోనూ చక్కెర ఎక్కువైనదని తెలిసిన నాటి నుంచి అన్నం పళ్ళెం చూస్తేనే నాకు భయం.

వైద్యుడు మాత్రలు వ్రాసి, వాటికి తోడుగా భోజనానికి ముందు ఒక చెంచా ఇసబ్‌గోల్ పొట్టును నిండు గ్లాసెడు నీళ్ళలో కలిపి, జిగురు కట్టకముందే తాగమన్నారు. తిన్నదానిలోని చక్కెర ఒక్కసారిగా నెత్తురులో చేరకుండా అది నిదానింపజేస్తుందని, అయితే మాత్రకు గాని తిండికి గాని అది బదులు కాదని చెప్పారు. కొన్ని వారాలకు చక్కెర కొలిచే మీటరులో అంకె దిగింది. సంతోషించవలసిన నేను, అది మళ్ళీ ఎక్కుతుందేమోనని మునుపటికంటె ఎక్కువ భయపడ్డాను. ఒక చెంచాను రెండు చేశాను. కడుపు ఉబ్బి ఆకలి వేసేది కాదు. తినకపోతే చక్కెర ఎక్కడి నుంచి వస్తుందని నాలో నేను తర్కించుకొన్నాను.

ఆనాటి ఉదయం పొట్టు తాగి, కొంతసేపు ఆగి మాత్ర వేసికొని, ఫలహారం ముట్టకుండానే నడకకు బయలుదేరాను. నేను పాఠాలు చెప్పి పదవి విరమించిన విశ్వవిద్యాలయ ప్రాంగణం మా ఇంటికి దగ్గరే. చెట్ల నీడన నడుస్తూ మాణికేశ్వర్ నగర్ వైపు చేరేసరికి చేతులు వణికాయి. చొక్కా తడిసి వీపుకు అంటుకొన్నది. దారి ప్రక్కన ఆగివున్న ఆటో కమ్మీ పట్టుకొని నిలబడ్డాను.

"ఏడికి పోవాలె సార్?" అని అడిగాడు దానిని నడిపే నడివయసు మనిషి.

చెప్పబోయాను. పేరు రాలేదు. గృహము, సదనము, నికేతనము, నివేశనము... బాల్యంలో వల్లెవేసిన పర్యాయపదాలన్నీ వరుస తప్పకుండా నాలుక మీదికి వచ్చాయి. ఆ ఇల్లు ఉన్నచోటి పేరు మాత్రం రాలేదు. వాటిలో ఒకటి పైకే అన్నాను కాబోలు.

"సదనమా? గదేడున్నది?" అని, అతడు ప్రక్కనున్న చాయ్ బండి ఆమె వైపు తిరిగి, "పొద్దుగాల్నే ఏసిండేమో" అని నవ్వాడు.

ఆ మాటకు సిగ్గుపడే స్థితి దాటిపోయాను. చూపునకు కాపలా కాస్తూ కూర్చొంటే మాట వెళ్ళిపోయినదా? అన్నగారికి కనీసం కంఠస్థమైన పద్యాలు తుదివరకు తోడుగా ఉన్నాయి. నాకు అవీ మిగలవా?

జేబులోని ఫోను తీసి అతనికి అందించాను. చివర మాట్లాడిన నంబరుకు కలిపితే నా భార్య పలికింది. అతడు స్పీకరు పెట్టి మేమున్న చోటూ సంగతీ చెప్పగా, ఆమె జవాబు మా అందరికీ వినిపించింది.

"గోలీ ఏసుకొని, ఆ పొట్టు తాగి, ఏం తినకుండ పోయిన్రు. షుగర్ పడిపోయినట్టున్నది. ముందుగాల చక్కెర నీళ్ళు తాపియ్యి బిడ్డా, నేనొస్తున్న."

చాయ్ బండి ఆమె చక్కెర కలిపిన గ్లాసు నా నోటి దగ్గర పెట్టింది. నేను పెదవులు బిగించాను. అన్నగారి కన్నులను తినివేసినది ఆ గ్లాసులోనే కరగి ఉన్నట్లు తోచింది.

"తాగుతలేరమ్మా," అన్నాడు ఆటో అతను. అతని గొంతులో ఇప్పుడు నవ్వు లేదు.

ఫోనులో నా భార్య ఈసారి నాతోనే మాట్లాడింది. "ఏమండీ, కండ్ల సంగతి రేపు చూసుకుందాం. ఇయ్యాల బతకాలె గద. తాగుండ్రి."

కన్నులు మూసికొని తాగాను. ఎంతకాలానికో నోటికి తగిలిన ఆ తీపి కూడ నన్ను భయపెట్టింది. మెల్లగా వణుకు తగ్గింది. నా భార్య వేరే ఆటోలో వచ్చి దిగేసరికి నేను బండి బల్ల మీద కూర్చొని "తార్నాక, తార్నాక" అని మా పేట పేరు గొణుగుతున్నానట.

వైద్యుడు మాత్ర మోతాదు తగ్గించారు. పొట్టును తిరిగి ఒక చెంచాకు దించి, దాని వెనుక ఫలహారం తప్పరాదని ఆదేశించారు. ఇప్పుడు నా చొక్కా జేబులో కలకండ పలుకులు ఉంటాయి.

నడకకు వెళ్ళబోతూ చెప్పులు తొడుగుకొంటే, "మనదేడ?" అని నా భార్య నన్ను ఆటపట్టిస్తుంది. "తార్నాక" అంటాను. ఆమె నవ్వుతుంది. కాని జవాబు నా నోట వెలువడేదాకా ఆమె చేయి తలుపు గొళ్ళెం మీదనే ఉంటుంది, తీయకుండా.