భీముడు మోసిన పెట్టె

భీముడిది అనంతగిరి పైన కొండవాలులో పదకొండు గడపల ఊరు. నేను చూసేనాటికి అతనికి ముప్పై ఏళ్ళుంటాయి. కావడి మోసి మోసి కుడి భుజం కాయకాసిపోయింది. ఏ దొర కొండెక్కినా, ఏ జవాను దిగినా ఆ ఊరి వంతు సామాను ఆ ఊరివాళ్ళే మొయ్యాలి. కూలి లేదు, తిండి లేదు. దాన్నే వెట్టి అనేవారు. ఆ వెట్టిని మాన్పించడానికి బయలుదేరిన వీరులం మేం.

1927 వేసవి సెలవులు. మేం ముగ్గురం కాలేజీ విద్యార్థులం: మా నాయకుడు వరహాలరావు, సత్యనారాయణ, నేను. వెట్టి రద్దు చేయమని కలెక్టరుకి అర్జీ రాసి, దాని మీద కొండవాళ్ళ వేలిముద్రలు వేయించాలని మా సంకల్పం. అర్జీ కాగితాలు, కరపత్రాలు ఒక రేకుపెట్టెలో కుక్కాం. కొండల్లో చదువుకున్నవాళ్ళు లేరని తెలిసీ రెండు వందల కరపత్రాలు అచ్చేయించిన బుద్ధిమంతులం!

డుంబ్రిగుడ సంతకి వెళ్ళాలి, పెట్టెకి మనిషి కావాలని ఆ ఊరిపెద్దతో అన్నాం. ఆయన భీముణ్ణి కేకేశాడు. కూలి మాట మేం ఎత్తలేదు. పెద్దాయన చూసుకుంటాడులే అనుకున్నాం. నిజం చెప్పాలంటే అదీ అనుకోలేదు, అసలు ఆలోచనే రాలేదు.

భీముడి భార్య గంగ గుమ్మంలోంచే అరిచింది.

"పోడు కాల్సి నాలుగు రోజులయ్యింది. వోనొచ్చీలోగా బూడిదలో ఇత్తనాలు సల్లాల. నాకు తొమ్మిదో నెల, ఆ వాలెక్కలేను. బూడిద కొట్టుకుపోతే ఏటి తింటాం?"

"ఇదంతా మీ కోసమేనమ్మా," అన్నాడు వరహాలరావు.

"బేగి వొచ్చేత్తానే," అని భీముడు కావడికి ఒక వైపు పెట్టె, రెండో వైపు మా పక్కబట్టలు కట్టాడు.

రెండో రోజు దారిలో ఒక ఊళ్ళో వరహాలరావు గంటసేపు ఉపన్యాసం దంచాడు. ఇక మీదట ఎవరి సామానూ ఊరికే మొయ్యకండి అన్నాడు. పెట్టె పక్కన కూర్చుని శ్రద్ధగా విన్న భీముడు లేచి నిలబడ్డాడు.

"అయితే ఇక్కడ దింపీసి ఎళ్ళిపోమంటారా బాబూ?"

వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. వరహాలరావు తడబడ్డాడు. "ఈ ఒక్కసారికి రావయ్యా, రేపే కదా సంత."

భీముడు ఆకాశం కేసి ఒకసారి చూసి కావడి ఎత్తుకున్నాడు.

మర్నాడు సంతలో ఉండగా వాన విరుచుకుపడింది. భీముడు ఒక పాక చూరు కింద నిలబడి తన కొండ వైపే చూస్తూ ఉండిపోయాడు. "పోయింది," అన్నాడు.

వాన తగ్గాక వేలిముద్రలు మొదలెట్టాం. రాసేది నేను. ఒక్కొక్కరికి ఒక్కో కాగితం. పేరు, ఊరు, ఆఖరుసారి వెట్టికి ఎవరు తీసుకెళ్ళారు, ఎన్ని రోజులు. సంతకొచ్చిన వాళ్ళందరి వెనకా నిలబడి భీముడూ వచ్చాడు.

"ఆఖరుసారి ఎవరు?" అన్నాను తలెత్తకుండానే.

"మీరే బాబూ. ఇయ్యాల్టికి మూడు రోజులు."

కలం ఆగిపోయింది. అతని గొంతులో కోపం లేదు. అడిగినదానికి జవాబు చెప్పాడంతే.

"రాయరేటి బాబూ?"

రాశాను. మా ముగ్గురి పేర్లూ రాశాను. భీముడు కింద బొటనవేలు నొక్కి, ఖాళీ కావడితో కొండదారి పట్టాడు. పెట్టెని మేమే వంతులవారీగా మోసుకుని దిగాం.

పట్నం చేరాక వరహాలరావు ఆ కాగితం ఒక్కటీ లాగేశాడు. "కలెక్టరు నవ్వుతాడ్రా," అన్నాడు. వద్దని నేను గట్టిగా అనలేదు. తక్కిన అందరి వేలిముద్రలతో అర్జీ వెళ్ళింది. భీముడిది అందులో లేదు.

దసరా సెలవులకి ఒక్కణ్ణే ఆ ఊరు వెళ్ళాను. చుట్టూ పోళ్ళల్లో చోళ్ళు, అదే రాగులు, కోతకొచ్చాయి. భీముడి పోడులో సగానికి పైగా కలుపే. గంగ చంటిబిడ్డని వీపున కట్టుకుని మామిడిటెంకల పిండితో అంబలి కాస్తోంది. నన్ను చూసి భీముడు గబుక్కున లేచి, నేనొచ్చిన దారంతా కళ్ళతో వెతికాడు.

"పెట్టె ఏది బాబూ?"

లేదన్నాక గాని నన్ను కూర్చోమనలేదు.